పతకం వెనుక సాధన: శ్రీకాకుళం కరాటే విద్యార్థుల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీల నుంచి పిల్లలు పతకాలతో తిరిగి వచ్చిన ప్రతిసారీ మా శిక్షణ కేంద్రానికి కొత్త తల్లిదండ్రులు వస్తారు. వారు మొదట అడిగేది పతకాల గురించి. ఆ వెంటనే కొంచెం గొంతు తగ్గించి, "దీనివల్ల పిల్లవాడు దూకుడుగా తయారవడు కదా మాస్టారూ?" అని అడుగుతారు. గెలుపునూ నడవడికనూ విడదీసి చూడనవసరం లేదని, కరాటేలో రెండూ ఒకే సాధన నుంచి వస్తాయని మేము నమ్ముతాం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో, మా పద్ధతి ఏమిటో కింది సమాధానాల్లో వివరిస్తున్నాం.

మీ విద్యార్థులు పోటీల్లో రాణించడానికి ప్రత్యేకంగా ఏం నేర్పుతున్నారు?

ప్రత్యేకంగా నేర్పేది ఏమీ లేదు. అన్ని కేంద్రాల్లోనూ నేర్పేదాన్నే, పిల్లలు విసిగిపోకుండా చూసుకుంటూ, మళ్లీ మళ్లీ చేయిస్తాం. కొత్తగా చేరినవారు మొదటి నెలల్లో నిలబడటం, అడుగు వేయటం, పిడికిలి బిగించటం, ఒకటి రెండు పంచ్‌లు, ఒక కిక్, దెబ్బను అడ్డుకునే కొన్ని బ్లాకులు మాత్రమే నేర్చుకుంటారు. ఈ పునాదినే కిహోన్ అంటారు. బ్లాక్ బెల్టుకు ముందు మెట్టైన బ్రౌన్ బెల్టు వచ్చిన విద్యార్థులు కూడా ప్రతి తరగతినీ దీనితోనే మొదలుపెడతారు.

గ్యాకు జుకి అనే పంచ్‌నే తీసుకోండి. ఎడమ కాలు ముందున్నప్పుడు కుడి చేత్తో వేసే పంచ్ ఇది. చూసేవారికి చెయ్యి ఒక్కటే కదిలినట్టు కనిపిస్తుంది గాని, అసలు పని వెనుక కాలి మడమ దగ్గర మొదలవుతుంది. మడమ నేలను గట్టిగా నొక్కాలి, దానితో నడుము తిరగాలి, భుజం లేవకుండా మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ ముందుకు రావాలి, అదే క్షణంలో ఎడమ పిడికిలి నడుము దగ్గరకు వెనక్కి చేరాలి, కొట్టే పిడికిలి చివరి క్షణంలో మాత్రమే తిరిగి బిగుసుకోవాలి. పదేళ్ల పిల్లవాడిని నడుము తిప్పమంటే మడమ లేస్తుంది, మడమ దించమంటే భుజం లేస్తుంది. ఇవన్నీ ఒకేసారి ఎప్పుడు కుదురుతాయో ఎవరూ చెప్పలేరు. కుదిరిన రోజున మాత్రం ఆ సంగతి అందరికంటే ముందు ఆ పిల్లవాడికే తెలుస్తుంది, ఎందుకంటే అప్పటిదాకా చప్పుడు చేయని డ్రెస్ చెయ్యి ఫట్‌మని మోగుతుంది. మా పిల్లలకు పోటీల్లో వచ్చే పాయింట్లలో ఎక్కువ ఈ పంచ్‌తో వచ్చేవే.

ఎప్పుడూ తోటి స్నేహితులతోనే స్పారింగ్, అంటే ఇద్దరు తలపడే సాధన చేసే పిల్లలు వారి అలవాట్లకే అలవాటు పడిపోతారు. అందుకని విజయనగరం, ఆమదాలవలస వైపు ఉన్న కేంద్రాల పిల్లలతో కలిపి సాధన చేయిస్తుంటాం. ఎత్తు, వేగం, పద్ధతి వేరుగా ఉన్న ప్రత్యర్థిని చూసిన పిల్లలు పోటీ రోజున కంగారు పడరు.

కుమితేలో, అంటే ఇద్దరు తలపడే పోటీలో, గట్టిగా కొట్టినవారే గెలుస్తారా?

గెలవరు. మరీ గట్టిగా కొట్టినవారు ఓడిపోయే అవకాశమే ఎక్కువ.

ప్రపంచ కరాటే సమాఖ్య నిబంధనల ప్రకారం 8 మీటర్ల చదరపు మ్యాట్ మీద, ఎర్ర బెల్టు ఒకరు, నీలం బెల్టు ఒకరు కట్టుకుని తలపడతారు. చేతి దెబ్బకు యుకో, అంటే 1 పాయింటు వస్తుంది. పొట్ట, ఛాతీ, వీపు వంటి భాగాలకు వేసిన కిక్‌కు వజా అరి, అంటే 2 పాయింట్లు వస్తాయి. తలకు గురిచూసి అదుపుతో వేసిన కిక్‌కు గాని, కింద పడిన ప్రత్యర్థిపై సరైన పద్ధతిలో వేసిన దెబ్బకు గాని ఇప్పోన్, అంటే 3 పాయింట్లు వస్తాయి. ఒకరికి 8 పాయింట్ల ఆధిక్యం వస్తే సమయం మిగిలి ఉన్నా పోటీ అక్కడితో ముగుస్తుంది.

తల్లిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవలసింది దీని తరువాతి సంగతి. దెబ్బ చేరినంత మాత్రాన పాయింటు రాదు. ఆ దెబ్బలో చక్కని రూపం, తగిన బలం, సరైన సమయం, సరైన దూరం ఉండాలి. వీటితో పాటు క్రీడాస్ఫూర్తి కూడా పాయింటుకు ఒక షరతుగా నిబంధనల్లోనే ఉంది. ఇంకొక షరతు జాన్‌షిన్, అంటే దెబ్బ వేసిన తరువాత కూడా ప్రత్యర్థిపై పూర్తి ధ్యాస నిలపడం. పంచ్ వేయగానే పాయింటు వచ్చేసిందని చేతులెత్తి గంతులేస్తూ వెనుదిరిగిన పిల్లవాడు, ఆ పంచ్ ఎంత బాగున్నా, పాయింటు పోగొట్టుకోవచ్చు.

తప్పుల జాబితా కూడా చదవదగినది. మితిమీరిన బలంతో తాకడం తప్పు. తనను తాను కాపాడుకోకుండా అజాగ్రత్తగా మీదకు దూకడం కూడా తప్పే, దానికి ముబోబి అని పేరు. చిన్న దెబ్బను పెద్దదిగా చూపించడం, తగలని దెబ్బకు విలవిలలాడినట్టు నటించడం శిక్షార్హం. పిల్లల విభాగాల్లో తలకు, ముఖానికి తగిలే దెబ్బల విషయంలో నియమాలు మరింత కఠినంగా ఉంటాయి. ఎదుటివారి ఒంటికి అంగుళం దూరంలో పిడికిలిని ఆపగలిగే పిల్లవాడికే పోటీలో భవిష్యత్తు ఉంటుంది. అలా ఆపడానికి కావలసిన నిగ్రహం పోటీకి ముందు వారంలో నేర్చుకునేది కాదు, ఏళ్ల తరబడి తోటి విద్యార్థి ముఖం ముందు పిడికిలిని ఆపుతూ అలవరచుకునేది.

కటాలు ఎందుకు? మా అబ్బాయికి ఫైటింగ్ అంటేనే ఇష్టం.

చాలామంది పిల్లలకు అంతే. కటా అంటే ఊహలోని ప్రత్యర్థులను ఎదుర్కొంటూ, నిర్ణయించిన క్రమంలో చేసే కదలికల వరుస. మేము నేర్పే షోటోకాన్ పద్ధతిలో మొదటి కటా హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు ఉంటాయి. ఎడమవైపు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడంతో అది మొదలవుతుంది, బయలుదేరిన చోటికే తిరిగి రావడంతో ముగుస్తుంది. హెయాన్ కటాలు ఒకినావాలో పాఠశాల పిల్లల కోసం ఇతోసు అంకో అనే గురువు కూర్చిన వరుసల నుంచి వచ్చినవి కాబట్టి అవి పిల్లల వయసుకు తగినవే.

మా అనుభవంలో కటాను నిర్లక్ష్యం చేసిన పిల్లల కుమితే ఒక స్థాయి దాటి ముందుకు సాగలేదు. కటాలో ప్రత్యర్థి లేడు కనుక తప్పును మరొకరి మీదకు నెట్టడానికి వీలుండదు. పాదం వంకరగా పడితే అది తన పాదమే.

ప్రతి పతకానికీ ఒకే విలువ ఉంటుందా?

ఉండదు. ఈ మాట పిల్లల ముందు జాగ్రత్తగా చెప్పాలి గాని, పెద్దలకు దాచకుండా చెప్పాలి.

కుమితేలో సాధారణంగా ప్రతి విభాగానికీ ఒక స్వర్ణం, ఒక రజతం, రెండు కాంస్యాలు ఇస్తారు. వయసు, బరువు, బెల్టు రంగు ప్రకారం విభాగాలను సన్నగా విడగొట్టిన టోర్నమెంటులో ఒక్కో విభాగంలో నలుగురే మిగిలితే, ఆ నలుగురికీ పతకాలు వస్తాయి. మొదటి పోటీలోనే ఓడిన పిల్లవాడు కూడా మెడలో కాంస్యంతో ఇంటికి వస్తాడు. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు, నిర్వాహకులు మోసం చేశారనీ అనలేం. అయితే ఆ పతకాన్నీ, ముప్పై మంది ఉన్న విభాగంలో వరుసగా నాలుగైదు పోటీలు గెలిచి తెచ్చుకున్న పతకాన్నీ ఒకే గాటన కట్టకూడదు. కాబట్టి "ఏ పతకం?" అని అడగడంతో ఆగకుండా "నీ విభాగంలో ఎంతమంది ఉన్నారు? ఎన్ని పోటీలు ఆడావు? ఎవరితో ఆడినది కష్టమనిపించింది?" అని అడగండి. పిల్లలు ఈ ప్రశ్నలకు ఎంతో ఇష్టంగా, వివరంగా జవాబు చెబుతారు.

పేరులో "జాతీయ", "అంతర్జాతీయ" అనే మాటలున్న ప్రతి టోర్నమెంటూ ఆ స్థాయిదని అనుకోవద్దు. కరాటేలో సమాఖ్యలు, సంఘాలు చాలా ఉన్నాయి, వాటి పేర్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి. రుసుము కట్టే ముందు ఆ పోటీని ఎవరు నిర్వహిస్తున్నారో, దానికి ఎవరి గుర్తింపు ఉందో, రిఫరీలు ఏ నిబంధనలు పాటిస్తారో తెలుసుకోవడం మీ హక్కు. మా విద్యార్థులను చిన్న పోటీలకూ పంపుతాం, ఎందుకంటే మొదటిసారి మ్యాట్ ఎక్కే భయం పోవడానికి అవి ఉపయోగపడతాయి. అయితే వాటిని చిన్న పోటీలుగానే పంపుతాం. కూడలిలో ఫ్లెక్సీలు కట్టి ప్రపంచ విజేతలని రాయించం.

ఈ సర్టిఫికెట్లతో స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉద్యోగం వస్తాయా?

కొన్నింటితో వస్తాయి, చాలావాటితో రావు. ఏ క్రీడకు, ఏ స్థాయి పోటీకి, ఎవరు ఇచ్చిన సర్టిఫికెట్టు చెల్లుతుందో ఆయా ప్రవేశాల, ఉద్యోగాల నోటిఫికేషన్‌లో ఉంటుంది, అది చదివే నిర్ణయం తీసుకోవాలి. పాఠశాల క్రీడా సమాఖ్య నిర్వహించే అండర్ 14, 17, 19 విభాగాల పోటీలకు బడి ద్వారానే వెళ్లాలి గనుక, మీ పిల్లల వ్యాయామ ఉపాధ్యాయుడితో ముందుగానే మాట్లాడండి. కోటా కోసమే చేర్చాలనుకుంటే మాత్రం చేర్చవద్దనే మా సలహా. ఆ ఆశతో వచ్చిన పిల్లలు మొదటి ఓటమికే మానేయడం చూశాం.

కరాటే ఒలింపిక్స్‌లో ఉందా?

టోక్యో 2020 క్రీడల్లో ఉంది. అవి 2021లో జరిగాయి. 2024 పారిస్ క్రీడల్లో లేదు. ఆసియా క్రీడల్లో 1994 నుంచి ఉంది. ఒలింపిక్సే లక్ష్యమైతే 1964లో ప్రవేశించిన జూడో, 2000 నుంచి పతక క్రీడగా ఉన్న తైక్వాండో కూడా పరిశీలించండి. వాటిలో మంచి గురువు దగ్గరలో ఉంటే అక్కడికే వెళ్లమని మేమే చెబుతాం.

కరాటే నేర్చుకున్న పిల్లవాడు బడిలో కొట్లాటలకు దిగడా?

ఇది చాలా న్యాయమైన భయం. కొత్తగా నేర్చుకున్న కిక్‌ను ఎవరి మీదనైనా ప్రయోగించి చూడాలనే ఉబలాటం తొలి మెట్లైన పసుపు, నారింజ బెల్టుల దశలో నిజంగానే వస్తుంది. అది రాదని చెప్పే శిక్షకుడిని నమ్మవద్దు.

ఆధునిక కరాటేను 1922లో ఒకినావా నుంచి టోక్యోకు తీసుకువెళ్లిన ఫునకోషి గిచిన్ వృత్తిరీత్యా బడిపంతులు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన శిష్యులకు విధించిన నియమాల్లో ఒకటి. షోటోకాన్ తరగతి చివర అందరూ మోకాళ్ల మీద కూర్చుని అయిదు నియమాలు చెబుతారు: వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోవడం, నిజాయితీ, పట్టుదల, మర్యాద, హింసకు దిగకుండా నిగ్రహించుకోవడం. మా పిల్లలు వాటిని తెలుగులో చెబుతారు, ఎందుకంటే అర్థం తెలియకుండా వల్లించినది నాలుక దాటి లోపలికి వెళ్లదు.

అయితే వల్లించడంతోనే గుణం రాదని మాకు తెలుసు. బడిలో ఎవరినైనా కొట్టినట్టు తెలిస్తే ముందు ఇద్దరి మాటా వింటాం. తనను తాను కాపాడుకోవడానికి చేసినదైతే తప్పు పట్టం. గొప్ప కోసం చేసినదైతే ఆ విద్యార్థి స్పారింగ్ ఆగిపోతుంది, తరువాతి పోటీ జాబితాలో పేరు ఉండదు. దెబ్బ తిన్న పిల్లవాడి దగ్గరకు తల్లిదండ్రులతో కలిసి వెళ్లి క్షమాపణ చెప్పాలి. ఒకసారి ఒక మంచి పోటీదారుడిని, ఖాయంగా పతకం తెస్తాడనుకున్న వాడిని, ఈ కారణంగానే రాష్ట్ర పోటీలకు పంపలేదు. వాళ్ల నాన్నగారు ఎంతో బాధపడ్డారు, మాకూ బాధగానే ఉండింది. ఆ అబ్బాయి మాత్రం సాధన మానలేదు. ఇప్పుడు చిన్నపిల్లల వరుసకు ముందు నిలబడి బ్లాకులు నేర్పుతున్నది అతడే.

ఓడిపోయిన పిల్లవాడిని ఎలా చూసుకుంటారు?

ఓటమి తరువాతి మొదటి నిమిషంలో ఏం చెయ్యాలో ముందే సాధన చేయిస్తాం. రిఫరీ ఎదుటివారి వైపు చెయ్యి చూపగానే నిటారుగా నిలబడి రిఫరీకి, ప్రత్యర్థికి వంగి నమస్కరించాలి, ప్రత్యర్థితో చెయ్యి కలపాలి, మ్యాట్ దిగాక అవతలి శిక్షకుడి దగ్గరకు వెళ్లి ఆయనకూ నమస్కరించాలి. ఏడుపు వస్తే ఆ తరువాత ఏడవవచ్చు. ఏడ్చినందుకు మా దగ్గర ఎవరినీ వెక్కిరించరు. అయితే హెల్మెట్ విసిరేయడం, రిఫరీని తిట్టడం, చెయ్యి కలపకుండా వెళ్లిపోవడం ఒప్పుకోం. రిఫరీ నిర్ణయం నిజంగానే తప్పయితే నియమాల ప్రకారం అభ్యంతరం చెప్పే బాధ్యత శిక్షకుడిది, పిల్లవాడిది కాదు.

ఆ రాత్రి రైల్లోనో బస్సులోనో తప్పుల గురించి మాట్లాడం. రెండు మూడు రోజులు గడిచాక వీడియో చూపిస్తాం, అప్పుడు పిల్లవాడే తన పొరపాటును వేలుపెట్టి చూపిస్తాడు.

వంగి నమస్కరించడం మతాచారమా?

కాదు. అది గురువుకు, తోటి విద్యార్థికి, సాధన చేసే స్థలానికి చూపే గౌరవం. అన్ని మతాల పిల్లలూ మా దగ్గర నేర్చుకుంటున్నారు.

బ్లాక్ బెల్టు ఎన్నాళ్లలో వస్తుంది?

క్రమం తప్పకుండా వచ్చేవారికి మా దగ్గర నాలుగైదేళ్లు పడుతుంది, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. కరాటేలో బెల్టుల పద్ధతి జూడో నుంచి వచ్చింది. ఫునకోషి తన శిష్యులకు మొదటిసారి దాన్, అంటే బ్లాక్ బెల్టు స్థాయి ఇచ్చింది 1924లో. ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు ఇస్తామనే చోట మీ డబ్బుతో పాటు పిల్లవాడి నమ్మకం కూడా పోతుంది. బెల్టు పరీక్షలో తప్పినవారికి ఏం సరిచేసుకోవాలో రాసి ఇస్తాం.

వార్షికోత్సవాల్లో పెంకులు పగలగొట్టడం, చేతుల మీదుగా బైకులు నడిపించుకోవడం మీ పిల్లలు చేస్తారా?

చెయ్యరు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో పిడికిలితో, తలతో గట్టి వస్తువులను కొట్టడం హానికరం, పోటీలో దానికి ఒక్క పాయింటూ రాదు.

బలప్రదర్శన అంటే మన ప్రాంతంలో ఎందుకంత మోజో మాకు తెలుసు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఛాతీ మీద ఏనుగును మోసి, ఉక్కు గొలుసులు తెంచి దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి కథలు వింటూ పెరిగినవాళ్లమే మేమంతా. శ్రీకాకుళం స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. అయితే ఆయన ప్రదర్శనల వెనుక చిన్ననాటి నుంచి చేసిన కసరత్తు, కుస్తీ సాధన, ఆహార నియమం ఉన్నాయి. పండగల్లో కర్రసాము చేసే పెద్దలను చూసినా తెలుస్తుంది, కర్ర అంత వేగంగా తిరుగుతున్నా పక్కవాడికి తగలదు. పిల్లలకు చూపించవలసింది ఆ అదుపు.

ఆడపిల్లలను పంపవచ్చా?

తప్పకుండా పంపండి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లోనే కాంస్యం గెలిచారు. స్వర్ణం గెలిచిన క్రీడాకారిణి డోపింగ్‌లో, అంటే నిషేధిత మందు వాడి పట్టుబడటంతో ఆ కాంస్యం రజతమైంది. మా పిల్లలకు ఈ రెండో కథను మరీ మరీ చెబుతాం.

మా కేంద్రంలో అమ్మాయిలకు ప్రత్యేక నియమాలు లేవు. నెలసరి రోజుల్లో వచ్చి తేలికగా సాధన చేయాలా, విశ్రాంతి తీసుకోవాలా అన్నది వారి ఇష్టం, కారణం అడగం. ఊరు దాటి పోటీకి వెళ్లినప్పుడు వెంట తప్పకుండా ఒక మహిళ ఉంటారు. వయసు వచ్చిన అమ్మాయిని చాలు మాన్పించేద్దామని ఇంట్లో అనుకునే ముందు ఒక్కసారి మాతో మాట్లాడమని కోరుతున్నాం. బాగా ఆడే అమ్మాయిలు ఎక్కువగా ఆగిపోయేది ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గరే.

బరువు విభాగం కోసం తిండి తగ్గించాలా?

వద్దు. ఎదిగే పిల్లలను నీళ్లు తాగనివ్వకుండా, పస్తులుంచి కింది విభాగంలోకి దించడాన్ని మేము అంగీకరించం. ఉన్న బరువుతోనే ఆడిస్తాం. ఇంట్లో తినే అన్నం, పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పొద్దున్నే చోడి (రాగి) అంబలి చాలు. ప్రోటీన్ డబ్బాలు కొనమని మేము చెప్పం. పోటీ రోజున కొత్త వంటకాలు పెట్టకండి, ఇడ్లీ, అరటిపండు వంటి అలవాటైనవే ఇవ్వండి. మన తీరప్రాంతపు ఉక్కలో చెమట ఎక్కువ పడుతుంది కనుక నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ వెంట ఉంచండి.

దెబ్బలు తగిలితే?

చిన్నవి తగులుతాయి. పళ్లకు మౌత్ గార్డు, చేతులకు గ్లోవ్స్, కాళ్లకు షిన్ గార్డులు లేనిదే స్పారింగ్ చేయనివ్వం. తలకు దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడినా ఆ రోజు ఆట ముగిసినట్టే. అది ఫైనల్ అయినా సరే, నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకువెళతాం. మళ్లీ మ్యాట్ ఎక్కడం డాక్టరు చెప్పాకే.

చదువు దెబ్బతినదా?

వారానికి కొన్ని గంటల సాధన వల్ల దెబ్బతినదు. పదో తరగతి పరీక్షల ముందు పోటీలకు పంపం, సాధనకు మాత్రం వారంలో ఒకటి రెండు రోజులైనా రమ్మంటాం. మార్కులు తగ్గితే శిక్షగా కరాటే మాన్పిస్తామని బెదిరించకండి. పిల్లవాడు క్రమశిక్షణ నేర్చుకునే చోటునే శిక్షగా తీసేయడం సరికాదు.

పోటీ రోజున తల్లిదండ్రులు ఏం చెయ్యాలి?

పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ముందు రోజే సంచిలో పెట్టండి. వయసు తగ్గించి రాయించమని మమ్మల్ని అడగవద్దు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి వెళ్లే రైలైతే అరగంట ముందే ఆమదాలవలస చేరుకోండి.

గ్యాలరీ నుంచి పేరు పెట్టి ప్రోత్సహించండి, చప్పట్లు కొట్టండి. "కొట్టు, కొట్టు" అని అరవకండి. పిల్లవాడు రిఫరీ మాట, శిక్షకుడి మాట వినాలి, మూడో గొంతు వినిపిస్తే తడబడతాడు. ఎదుటి పిల్లవాడు మంచి కిక్ వేస్తే దానికీ చప్పట్లు కొట్టండి, మీ పిల్లలు అది తప్పకుండా గమనిస్తారు. పోటీ అయ్యాక మా దగ్గరకు వచ్చే ముందు పిల్లవాడికి నీళ్లు ఇవ్వండి, ఫలితం గురించి తను చెప్పినప్పుడే మాట్లాడండి.